చవక రైఫిల్‌ని నమ్మొచ్చా? రేంజ్‌లో 30 తూటాలతో తేల్చుకోవడం ఎలా

మా అనంతపురం వైపు లైసెన్సు ఉన్న ఇళ్ళలో రైఫిల్ అంటే చాలాసార్లు ఒకటే ఉంటుంది: త్రీ ఫిఫ్టీన్. కాగితాల మీద .315 స్పోర్టింగ్ రైఫిల్. విదేశీ రైఫిళ్ళ ధర విని దండం పెట్టి వెనక్కి వచ్చినవాళ్ళకి ఇదే దిక్కు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు ఇది. లోపలి యంత్రాంగం పాత లీ-ఎన్‌ఫీల్డ్‌దే, అంటే బ్రిటిష్ సైన్యం వాడిన త్రీ నాట్ త్రీ బోల్టు (తూటాని లోపలికి తోసి వెనక మూసే కడ్డీ). తూటా మాత్రం వేరు. సైన్యం వాడే తూటా పౌరుల చేతికి రాకూడదని అప్పటి సర్కారు పట్టుబట్టడంతో, ఆస్ట్రియా వాళ్ళ 8×50 మిల్లీమీటర్ల అంచు తూటా మన దేశంలో .315 పేరుతో స్థిరపడిపోయింది.

"అన్నా, త్రీ ఫిఫ్టీన్ బాగుంటుందా?" అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: "ఏ త్రీ ఫిఫ్టీన్? దాని నంబర్ చెప్పు." ఒకే చెట్టు మామిడికాయల్లో ఒకటి తియ్యగా, పక్కది పుల్లగా ఉన్నట్టే, ఈ ధరలో దొరికే రైఫిళ్ళలో ఒక్కో దానిది ఒక్కో తీరు. ఒకటి నున్నగా పనిచేస్తుంది, ఇంకోటి బోల్టు తెరవడానికే అరచెయ్యి వాచేలా చేస్తుంది. మోడల్ పేరు విని మంచీ చెడూ చెప్పలేం. మీ చేతిలో ఉన్నదాన్నే పరీక్షించాలి. తూటాలు మనకి విరివిగా దొరకవు, చవకా కాదు కాబట్టి 30 తూటాలతో, రెండు ఉదయాల్లో పని ముగిసేలా నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నా. కొత్తది తెచ్చుకున్నా, ఇంకొకరి దగ్గర సెకండ్ హ్యాండ్ తీసుకోబోతున్నా ఇదే పద్ధతి.

ముందు వేట మాట తేల్చేద్దాం. దీన్ని వేట రైఫిల్ అంటారు గానీ మన దేశంలో వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. శనక్కాయ చేలో అడవి పందులు పడి ఒక్క రాత్రిలో అంతా పెకిలించి పోయినా, లైసెన్సు ఉంది కదా అని కాల్చడానికి లేదు. అది అటవీ శాఖ అనుమతితో, వాళ్ళు చెప్పిన పద్ధతిలో జరగాల్సిన పని. రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం, లంకమలలో కలివికోడి కోసం ఏకంగా అభయారణ్యాలే పెట్టుకున్న నేల మనది. అందుకని ఇక్కడ రాసేదంతా కాగితం టార్గెట్ గురించే.

తోటలో గుట్ట అడ్డం పెట్టుకుని నాలుగు కాల్చి చూద్దామని కూడా అనుకోవద్దు. రైఫిల్ గుండు రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. గుట్ట మీద రాయి తగిలితే ఎటు మళ్ళుతుందో చెప్పలేం, ఆ గుట్ట అవతల గొర్రెలు కాసేవాడు ఉండొచ్చు. అనుమతి ఉన్న రేంజ్‌లో, రేంజ్ ఆఫీసర్ ఎదుటే కాల్చాలి. రైఫిల్‌ని ఖాళీగా, సంచిలో పెట్టి, లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకుని తీసుకెళ్ళాలి. సెకండ్ హ్యాండ్ అయితే యజమాని తన లైసెన్సుతో పక్కనే ఉండాలి. మీరు కాల్చవచ్చా లేదా అన్నది రేంజ్ వాళ్ళని ముందే అడిగి పెట్టుకోండి.

ఇంట్లో, తూటా లేకుండా

సగం లోపాలు ఇక్కడే బయటపడతాయి. తూటాల డబ్బాని వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి. మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూసుకున్నాకే మిగతా పని.

మొదట నంబర్లు. రైఫిల్ బాడీ మీద, బోల్టు పిడి దగ్గర చెక్కిన నంబర్లు ఒకటేనా, లైసెన్సులో రాసిందీ అదేనా చూడండి. బోల్టు నంబర్ వేరైతే ఎవరో ఎప్పుడో మార్చారని అర్థం. అలాంటప్పుడు తూటా వెనక ఉండాల్సిన ఖాళీ సరిగ్గా ఉందో లేదో గేజ్ పెట్టి లైసెన్సు ఉన్న తుపాకుల మెకానిక్ చెప్పాలి. ఆ మాట వచ్చేదాకా ఆ రైఫిల్‌లో ఒక్క తూటా కూడా పెట్టకండి. పదిమంది పది రకాలుగా "ఏం కాదులే" అంటారు. మొహం పెట్టేది వాళ్ళు కాదు.

తర్వాత బోల్టు బయటికి తీసి, ఛాంబర్ వైపు తెల్ల కాగితం పెట్టి, వెలుతురు పడేలా గొట్టంలోకి చూడండి. లోపలి గాడులు మెలికలు తిరుగుతూ అద్దంలా మెరవాలి. అక్కడక్కడ చిన్న నల్ల మచ్చలుంటే పాత తుప్పు. దానికి నేను పెద్దగా కంగారు పడను. గొట్టం మధ్యలో ఉంగరంలా నల్లటి నీడ కనపడితే మాత్రం ఆగిపోండి. ఎప్పుడో గుండు లోపలే ఇరుక్కున్నప్పుడో, అడ్డం ఏదో ఉన్నప్పుడో ఇంకోటి కాల్చితే గొట్టం ఉబ్బి అలాంటి ఉంగరం పడుతుంది. ఆ రైఫిల్‌కి వెల కట్టనక్కర్లేదు. గొట్టం మూతి అంచుని కూడా గోటితో తడిమి చూడండి. గుండు వదిలే చివరి చోటు అదే, అక్కడ చిన్న గాటు ఉన్నా గురి పక్కకి పోతుంది.

బోల్టు వేసి ఆడించండి. కొత్తవాళ్ళు ఇక్కడ ఒక పొరపాటు పడతారు. బోల్టు ముందుకి తోసేటప్పుడు చివర్లో స్ప్రింగ్ బిగువు తగులుతుంది, గట్టిగా నెట్టాల్సి వస్తుంది. అది లోపం కాదు. లీ-ఎన్‌ఫీల్డ్ మూసేటప్పుడే స్ట్రైకర్ని, అంటే తూటా వెనక పొడిచే సూదిని, ఎక్కుపెడుతుంది. లోపమంటే మధ్యలో ఎక్కడో గీరుకుంటూ, ఒకసారి ఒక చోట, ఇంకోసారి ఇంకో చోట పట్టేయడం.

ట్రిగ్గర్‌కి మాత్రం కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. ఇది రెండు మెట్ల ట్రిగ్గర్. ముందు కొంత తేలిగ్గా వెనక్కి వస్తుంది, తర్వాత ఒక గట్టు తగులుతుంది, ఆ గట్టు దాటితే విడుదల. ట్రిగ్గర్‌కి చిన్న స్ప్రింగ్ తక్కెడ తగిలించి లాగి చూస్తే ఈ తరహా ట్రిగ్గర్ రెండున్నర కిలోల దగ్గర విడుదల అవుతుంది. మూడున్నర, నాలుగు చూపిస్తే గురి తిప్పలు తప్పవు. ఒకటిన్నర కన్నా తక్కువ చూపిస్తే అంతకన్నా భయం, ఎవరో లోపల ఆకురాయి పెట్టారు. ఖాళీ రైఫిల్‌ని ఎక్కుపెట్టి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. ఇప్పుడు సేఫ్టీ తీయండి. స్ట్రైకర్ దానంతట అది పడితే ఆ రైఫిల్ రేంజ్‌కి పోవాల్సింది కాదు, మెకానిక్ దగ్గరికి పోవాల్సింది. ఎక్కుపెట్టి మడమని (భుజానికి ఆనే వెనక కర్రని) నేల మీద పరిచిన రబ్బరు పట్టా మీద జానెడు ఎత్తు నుంచి రెండుసార్లు తట్టి చూడండి. అప్పుడూ పడకూడదు.

ఇక మడమ. ఈ రైఫిల్ కర్ర ఒకే ముక్క కాదు, వెనక మడమ ముక్క వేరు. దాన్ని లోపల ఒక పొడుగు బోల్టు పట్టి ఉంచుతుంది. మన ఎండలకి కర్ర ఆరిపోయి కుంచించుకుంటుంది, ఆ బిగువు వదులవుతుంది. ఒక చేత్తో బాడీ, ఇంకో చేత్తో మడమ పట్టుకుని మెలితిప్పి చూడండి. వెంట్రుకవాసి కదిలినా కదిలినట్టే. ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. మా రైఫిల్ ఒక ఏడాది వరుసగా రెండుసార్లు రేంజ్‌లో చెల్లాచెదురుగా కాల్చింది. గొట్టం పోయిందని నేనే తీర్పు చెప్పేశాను, అమ్మేద్దామని ఇంట్లో మాట కూడా అయింది. మూడోసారి పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మడమ పట్టుకుని ఊపి, "గొట్టం గురించి ఏడుస్తావేంరా అబ్బీ, పిడి ఊడిన గొడ్డలితో కట్టెలు కొడుతున్నావు" అన్నాడు. స్క్రూడ్రైవర్ రెండు చుట్లు తిరిగింది, అంతే. అప్పటికి పాతిక తూటాలు గాలికి పోయాయి.

మ్యాగజైన్ పనితనం చూడాలంటే డమ్మీ తూటాలు వాడండి. నిజం తూటాలతో ఇంట్లో ఈ పని చెయ్యొద్దు. .315 తూటాకి వెనక అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక పడితే, బోల్టు పైదాన్ని తోసినప్పుడు రెండూ కొక్కెం పడి ఇరుక్కుపోతాయి. అందుకని నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ దాని కిందిదానికి ముందు ఉండేలా పెట్టాలి. అయిదు పెట్టి, పదిసార్లు నిదానంగా, పదిసార్లు చురుగ్గా ఆడించండి. సరిగ్గా నింపినా ఇరుక్కుంటుంటే మ్యాగజైన్ పెదవులు వంగి ఉంటాయి.

రేంజ్‌కి తీసుకెళ్ళాల్సినవి

చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. రైఫిల్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క దెబ్బకే చెవిని పాడు చేసే మోత అది. దూది పెట్టుకుంటే చాలదు. రేకు పైకప్పు ఉన్న రేంజ్ అయితే మోత ఇంకా తిరిగి కొడుతుంది.

రైఫిల్ ఆనించడానికి రెండు సంచులు కావాలి. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి రెండు వైపులా కుట్టి, పెన్న ఇసుక పోస్తే అంతకన్నా మంచి సంచి దుకాణంలో దొరకదు. ఎర్రమట్టి పోయొద్దు, చెమ్మ తగిలితే ఇటుకైపోతుంది. ఇంకా కొలతకి ఒక స్కేలు, టేపు, నోటు పుస్తకం, శుభ్రం చేసే కడ్డీ, నూలు గుడ్డ ముక్కలు, సరైన సైజు స్క్రూడ్రైవర్.

తూటాలన్నీ ఒకే బ్యాచ్‌వి తీసుకోండి. డబ్బా మీద బ్యాచ్ నంబర్ చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. పాతవీ కొత్తవీ కలిపి కాల్చి, గుంపు (ఒకే గురికి కాల్చిన చిల్లులన్నీ కలిపి) చెదిరిందని రైఫిల్‌ని తిట్టడం అన్యాయం. లైసెన్సులో రాసిన సంఖ్యకి మించి తూటాలు దగ్గర ఉండకూడదని మళ్ళీ చెప్పక్కర్లేదు అనుకుంటా.

టార్గెట్ నల్ల చుక్క ఎంత ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. గొట్టం మూతి దగ్గర గురి చూసే ముక్క, అంటే ముందు సైట్, వెడల్పు 2 మిల్లీమీటర్లు, కంటికి అది 90 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 100 మీటర్ల దగ్గర అది 22 సెంటీమీటర్ల వెడల్పు చోటుని కప్పేస్తుంది. అంత దూరంలో అయిదు సెంటీమీటర్ల చుక్క పెట్టి గురి చూస్తే చుక్కే కనపడదు, ఊహించి కాల్చినట్టే. 100 మీటర్లకి 20 సెంటీమీటర్ల నల్ల వృత్తం, 50 మీటర్లకి 10 పెట్టి, వృత్తం కింది అంచుని సైట్ తలమీద కూర్చోబెట్టండి.

ఎప్పుడు వెళ్ళాలి? ఎండాకాలమైతే పొద్దున ఏడుకి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించండి. తర్వాత నేల కాగి గాలి అలలు అలలుగా లేస్తుంది, టార్గెట్ నీళ్ళలో ఉన్నట్టు ఆడుతుంది. ఆషాఢం గాలుల్లో మాత్రం పొద్దునకూడా నమ్మకం లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. తూటాల డబ్బాని కారు డ్యాష్‌బోర్డు మీద, ఎండలో బెంచీ మీద వదలకండి. వేడెక్కిన మందు ఒత్తిడి పెంచుతుంది, గుండు వేగం మారుతుంది, మీ కొలతలన్నీ తప్పుతాయి.

మొదటి ఉదయం: 15 తూటాలు

గొట్టంలో ఉన్న నూనెని పొడి గుడ్డతో తుడిచేయండి. నూనె ఉన్న గొట్టం మొదటి గుండుని ఎటో పంపుతుంది.

మొదటి రెండు తూటాలు గురి కోసం కాదు. 25 మీటర్ల టార్గెట్, మ్యాగజైన్‌లో ఒక్క తూటా. రైఫిల్ ముందు కర్రని సంచి మీద ఆనించండి, గొట్టాన్ని ఆనించొద్దు. గొట్టం ఆనితే కాల్చినప్పుడు ఎగిరి గురి పైకి పోతుంది. మడమని భుజం గుంటలోకి గట్టిగా లాక్కోండి. వెనక ఇనుప పట్టీ ఉన్న రైఫిల్‌ని మొహమాటంగా పట్టుకుంటే అది మొహమాట పడదు.

కాల్చాక బోల్టు తెరవడం ఎలా ఉందో గమనించి, ఖాళీ తూటాని ఏరుకోండి. గుండు ఎక్కడ తగిలిందన్నది తర్వాత, ముందు ఈ ఇత్తడి ముక్క చదవండి. వెనక క్యాప్ మీద స్ట్రైకర్ గుంట మధ్యలో, గుండ్రంగా పడిందా? క్యాప్‌కి చిల్లు పడి చుట్టూ మసి ఉంటే ఆపేయండి. అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీతలాగా, పగులులాగా కనపడితే తూటా లోపల సాగుతోందని అర్థం. వెనక ఖాళీ ఎక్కువైంది, మెకానిక్ చూడాల్సిందే. ఒళ్ళంతా నిలువు గీతలు పడి, బోల్టు తెరవడానికి బలం పట్టిందంటే ఛాంబర్ గరుకు. ఈ ధరలో గరుకు ఛాంబర్ వింత కాదు, బాగు చేయించవచ్చు కూడా. రెండో తూటా కూడా ఇదే పద్ధతి.

తూటా పేలకపోతే? రైఫిల్ టార్గెట్ వైపే పెట్టి, అర నిమిషం కదలకుండా ఉండి, రేంజ్ ఆఫీసర్‌కి చెయ్యెత్తి చెప్పాకే బోల్టు తెరవండి. మందు ఆలస్యంగా అంటుకోవడం అరుదుగానైనా జరుగుతుంది. "టుప్" మని చిన్న చప్పుడు వచ్చి, భుజానికి దెబ్బ తగలకపోతే గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు. అప్పుడు కంగారులో ఇంకో తూటా పెట్టడం కన్నా పెద్ద తప్పు లేదు. ఇందాక చెప్పిన ఉంగరం నీడ అలాగే పడేది. బోల్టు తీసి, కడ్డీ పెట్టి గొట్టం ఖాళీ అని తేలేదాకా కాల్చొద్దు.

అంతా సవ్యంగా ఉంటే 25 మీటర్లలోనే మూడు కాల్చండి. మూడూ దగ్గర దగ్గరగా పడ్డాయా, గురికి ఎంత పక్కన పడ్డాయి అన్నది చూడండి, చాలు. తర్వాత 50 మీటర్లకి అయిదు, మ్యాగజైన్ నింపి. ఆ తర్వాత 100 మీటర్లకి అయిదు. ఒక్కో గుండుకీ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగండి. అయిదు అయ్యాక గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూడండి. అయిదు లెక్కపెట్టేదాకా పట్టుకోలేకపోతే పావుగంట నీడలో బోల్టు తెరిచి పెట్టండి. ఫ్లాస్కులో టీ తెచ్చుకునేది ఇందుకే.

ప్రతి గుండు పడిన చోటునీ వరస నంబర్‌తో నోటు పుస్తకంలో గీసుకోండి. దూరం కనపడకపోతే దుర్భిణి, అది లేకపోతే కాల్పులు ఆగాక రేంజ్ ఆఫీసర్ పిలిచినప్పుడే టార్గెట్ దగ్గరికి నడక.

గుంపు ఏం చెబుతోంది?

అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య దూరం కొలవండి. అదే గుంపు సైజు. షూటర్లు మినిట్ అంటుంటారు, 100 మీటర్ల దగ్గర ఒక మినిట్ అంటే 29 మిల్లీమీటర్లు. దుర్భిణి బిగించిన ఖరీదైన రైఫిళ్ళ మాట అది, మనకి ఆ లెక్క అక్కర్లేదు. మామూలు ఇనుప సైట్లతో, 100 మీటర్లకి అయిదు గుండ్లూ ఇడ్లీ అంతలో పడితే ఆ రైఫిల్‌ని ఎవరికీ అమ్మకండి. పూరీ అంతలో పడితే, అంటే పన్నెండు సెంటీమీటర్ల లోపు, డబ్బుకి సరిపడా రైఫిల్. దోసె అంత అయితే ఎక్కడో ఏదో ఉంది. ఇది నా కొలత, మీ పక్కవాడు ఇంకోటి చెప్పొచ్చు.

మూడు గుండ్ల గుంపు చూపించి మురిసిపోయేవాళ్ళని నమ్మొద్దు. మూడు అదృష్టవశాత్తూ దగ్గరగా పడడం చాలా మామూలు. నాలుగోది, అయిదోది వచ్చేసరికి అసలు రంగు తెలుస్తుంది. "ఆ ఒక్కటి నా తప్పు" అని దూరంగా పడ్డదాన్ని లెక్కలోంచి తీసేయడం అంతకన్నా చెడ్డ అలవాటు. ట్రిగ్గర్ లాగిన క్షణంలోనే, చిల్లు చూడకముందే "చెయ్యి అదిరింది" అని మీరు బయటికి చెప్పి ఉంటే తప్ప అది రైఫిల్ లెక్కలోనే ఉండాలి.

గుంపు బిగువుగా ఉండి మొత్తంగా పక్కకి పడితే రైఫిల్ మంచిది, సైట్ జరపాలి, అంతే. ఎంత జరపాలన్నది చిన్న లెక్క. ముందు వెనక సైట్ల మధ్య దూరం 50 సెంటీమీటర్లు, 50 మీటర్ల టార్గెట్‌లో గుంపు 10 సెంటీమీటర్లు ఎడమకి పడింది అనుకోండి. 10ని 50తో గుణించి, 5,000 సెంటీమీటర్లతో భాగిస్తే 0.1, అంటే ఒక మిల్లీమీటర్. వెనక సైట్ అయితే గుండు ఎటు పోవాలో అటే, ఇక్కడ కుడికి జరపాలి. ముందు సైట్ అయితే తిరగబడుతుంది, ఎడమకి జరపాలి. సుత్తి, మేకు పట్టుకుని మీరే కొట్టొద్దు. ఎంత జరపాలో అంకె రాసి మెకానిక్‌కి ఇస్తే అయిదు నిమిషాల పని.

నిలువుగా పైకీ కిందికీ చెదిరితే ముందు ఊపిరి చూసుకోండి, తర్వాత సంచి మీద రైఫిల్‌ని ప్రతిసారీ ఒకే చోట ఆనిస్తున్నారా చూసుకోండి. ఆ రెండూ సరిగ్గా ఉంటే తూటాల బ్యాచ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. అడ్డంగా చెదిరితే గాలి, లేదా ట్రిగ్గర్ని నిటారుగా కాక పక్కకి లాగే వేలు. రెండు వేర్వేరు చోట్ల రెండు గుంపులు పడితే ఏదో వదులుగా ఉంది, మడమ గానీ సైట్ గానీ స్క్రూ గానీ. నాకు బాగా నచ్చేది ఇంకో రకం: మొదటిది మధ్యలో, తర్వాతవి మెట్లెక్కినట్టు ఒకే దిక్కుకి జరుగుతూ పోతాయి. గొట్టం వేడెక్కి సాగుతూ ముందు కర్రని ఎక్కడో తోస్తోంది. దానికీ మందు ఉంది, కర్రలో ఆ తగిలే చోటు సరి చేయించడం.

ఒకేసారి రెండు మార్పులు చెయ్యొద్దు. సైట్ జరిపి, స్క్రూ బిగించి, తూటా డబ్బా మార్చి, గుంపు బాగుపడిందంటే దేనివల్ల బాగుపడిందో దేవుడికే తెలియాలి.

కళ్ళు కూడా లెక్కలోకి తీసుకోండి. నలభై అయిదు దాటినవాళ్ళకి ముందు సైట్ మసకగా కనపడుతుంది, గుంపు దానంతట అదే పెరుగుతుంది. రేంజ్ నియమాలు ఒప్పుకుంటే, యజమాని పక్కన ఉండగా, అక్కడి కోచ్ చేత అదే సంచుల మీద అయిదు కాల్పించండి. ఆయన చేతిలో పూరీ, మీ చేతిలో దోసె అయితే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, రైఫిల్ మార్చకండి. ఆ అయిదు తూటాలు పైన చెప్పిన 30లో లేవు, అదనం.

రెండో ఉదయం: మిగతా 15

వారం ఆగి వెళ్ళండి. మధ్యలో రైఫిల్‌ని తుడిచి, సంచిలో పెట్టి, అసలు తాకకుండా ఉంచడం కూడా పరీక్షలో భాగమే.

చల్లటి గొట్టంతో మొదటి గుండు ఒక్కటే, 100 మీటర్లకి, కొత్త కాగితం మీద. ఇది ఎక్కడ పడిందో పెద్దగా రాసుకోండి. వారం క్రితం గుంపు మధ్యకి ఇది దగ్గరగా పడితే ఆ రైఫిల్ మాట మీద నిలబడుతుంది. అరచెయ్యంత దూరంగా పడితే, సంచిలో రోడ్డు కుదుపులకి సైట్ జరిగిందో, కర్ర చెమ్మకి ఉబ్బిందో. మొదటి రోజు గుంపు కన్నా ఈ ఒక్క చిల్లుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తర్వాత 100 మీటర్లకి అయిదేసి చొప్పున రెండు గుంపులు, మధ్యలో గొట్టం చల్లారేదాకా ఆగి. పాత కాగితం, కొత్త కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. గురి పెట్టిన చోటు కలిసేలా పెడితే, మూడు గుంపులూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయా లేదా కనపడుతుంది. మధ్యలో సైట్ జరిపించి ఉంటే పాత గుంపుని ఆ మేరకి జరిపి చూడండి.

చివరి నాలుగు తూటాలు సంచి లేకుండా, కూర్చుని రెండు, నిలబడి రెండు, 50 మీటర్లకి. ఇందులో రైఫిల్ గురి తెలియదు, మీకు రైఫిల్ నప్పిందా అన్నది తెలుస్తుంది. మడమ పొడుగు ఎక్కువైతే భుజం మీదికి తెచ్చేటప్పుడు చొక్కాకి తట్టుకుంటుంది. తక్కువైతే దెబ్బకి బొటనవేలు ముక్కుకి తగులుతుంది. బోల్టుని భుజం మీద నుంచి దించకుండా ఆడించగలుగుతున్నారా? బెంచీ మీద ఒద్దికగా ఉన్న రైఫిల్ ఇక్కడ మొండికేస్తుంది చూడండి.

ఇంటికి వచ్చాక

ఉగ్గాని బజ్జీ తర్వాత చూసుకోవచ్చు, ముందు గొట్టం. వేడి చల్లారాక కడ్డీకి గుడ్డ చుట్టి ఛాంబర్ వైపు నుంచి తుడవండి, మూతి వైపు నుంచి తోస్తే అంచు అరిగిపోతుంది. తుపాకీ నూనె పలచగా రాయండి. అది లేకపోతే కుట్టుమిషన్ నూనె పర్వాలేదు. కొబ్బరి నూనె మాత్రం వద్దు, నెల తిరిగేసరికి జిగురై బోల్టుని పట్టేస్తుంది.

సెకండ్ హ్యాండ్ బేరమైతే ఇప్పుడు మాట్లాడండి. సైట్ పక్కకి ఉంది, మడమ వదులు, ఛాంబర్ కాస్త గరుకు అన్నవి ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి. గొట్టంలో ఉంగరం, నంబర్ కలవక మెకానిక్ సరే అనని బోల్టు, సేఫ్టీ నిలవకపోవడం అన్నవి బేరం వదులుకోవడానికి. బేరం కుదిరితే మీ లైసెన్సులో ఆ ఆయుధానికి చోటు ఉందో లేదో చూసుకోండి, 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకి మించి ఉండకూడదు. అమ్మే వ్యక్తి కలెక్టర్‌కి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. అప్పటిదాకా అడ్వాన్సు ఇచ్చినా రైఫిల్ ఆయన ఇంట్లోనే.

నోటు పుస్తకాన్ని, మూడు కాగితాలనీ రైఫిల్ సంచిలోనే ఉంచండి. ఎన్నికలప్పుడు ఆయుధం డిపాజిట్ చేసి, నెలల తర్వాత తెచ్చుకుంటాం కదా. అప్పుడు గొట్టం తుడిచి, మడమ ఒకసారి మెలితిప్పి చూసి, అదే బ్యాచ్ తూటా ఒకటి మిగుల్చుకుని ఉంటే రేంజ్‌లో ఆ చల్లటి గొట్టం గుండు ఒక్కటి కాల్చి, పాత కాగితం పక్కన పెట్టి చూసుకోండి.